నెలల తరబడి సాగే యూజర్ రీసెర్చ్: విశాఖలో మొదలుపెట్టేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మధురవాడ, రుషికొండ వైపు కంపెనీల్లో పనిచేసే డిజైనర్లు, ఆంధ్రా యూనివర్సిటీలో ప్రాజెక్టు చేసుకునే పిల్లలు ఫోన్ చేసినప్పుడల్లా దాదాపు ఇవే సందేహాలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఇదంతా నెలల తరబడి అవే మనుషుల్ని కలుస్తూ చేసే క్వాలిటేటివ్ స్టడీ గురించి, అంటే అంకెల కన్నా మనుషుల మాటల మీద ఆధారపడే పరిశీలన. ఉదాహరణలు ఎక్కువగా చేపలమ్మేవాళ్ళు, చిన్న దుకాణాలవాళ్ళు, వాళ్ళు వాడే లెక్కల యాప్‌లు, పేమెంట్ యాప్‌ల చుట్టూనే ఉంటాయి. నేను ఎక్కువగా తిరిగింది వాళ్ళ మధ్యే. మీ సందేహం ఏదో అక్కడి నుంచే చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఒకసారి గంటసేపు ఇంటర్వ్యూ చేస్తే సరిపోదా? ఇన్ని నెలలు ఎందుకు?

చాలా ప్రశ్నలకు గంట సరిపోతుంది. బటన్ కనబడుతోందా, ఆ మాట అర్థమవుతోందా అన్నవి తేల్చుకోవడానికి ఆరు నెలల స్టడీ పెడితే డబ్బు దండగ. మీరు తెలుసుకోవాలనుకున్నది కాలంతో పాటు మారేదైతేనే దీనికి దిగండి. అలవాటు, నమ్మకం, విసుగు, మానేయడం అలాంటివి.

ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలమ్మే ఆవిడని మార్చిలో అడగండి. "రోజూ అమ్మకం ఫోన్లో ఎక్కిస్తాను బాబూ" అంటుంది. అది నిజమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకీ ఇంజన్ బోట్లకీ వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఆవిడ ఎండు చేపలకి మారుతుంది, లేదా పాత బాకీలు వసూలు చేసుకుంటుంది, లేదా తనే అప్పు చేస్తుంది. రోజువారీ అమ్మకం కోసం తయారైన యాప్‌తో అప్పుడు ఆవిడకి పనే లేదు. జూన్ తర్వాత మళ్ళీ తెరుస్తుందా లేదా అన్నదే మీకు కావలసిన సంగతి. మార్చిలో ఆవిడ మీకు అబద్ధం చెప్పలేదు. మీరు అడిగింది మార్చిలో, అంతే.

ఎన్ని నెలలు పెట్టుకోవాలి?

మీరు చూడాలనుకున్న మార్పు ఒక చుట్టు తిరిగి రావడానికి ఎంత కాలం పడుతుందో ముందు కాగితం మీద రాయండి. జీతం డబ్బుల సంగతైతే కనీసం మూడు ఒకటో తారీఖులు చూడాలి. వేట మీద బతికేవాళ్ళయితే నిషేధానికి ముందు కొన్ని వారాలు, నిషేధ కాలం, తర్వాత కొన్ని వారాలు కలిపి అయిదారు నెలలు.

అలవాటు గురించైతే "21 రోజుల్లో అలవాటైపోతుంది" అనే మాట మీటింగుల్లో ఎవరో ఒకరు అంటారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన పరిశోధనలో అలవాటు పడటానికి మధ్యస్థ విలువ (సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ) 66 రోజులు వచ్చింది. ఒకరికి 18 రోజులైతే మరొకరికి 254. పన్నెండు వారాలే చూసి 254 ఎలా చెప్పారంటే, అది గీత పొడిగించి వేసిన అంచనా. నెల రోజుల స్టడీ చేసి "జనం అలవాటు పడ్డారు" అని రిపోర్టు రాసేముందు ఈ తేడా ఒకసారి చూసుకోండి.

ఎంతమంది కావాలి? మా మేనేజర్ 50 మంది లేకపోతే ఒప్పుకోనంటున్నాడు.

లెక్క వేసి చూపించండి, ఆయనే దిగివస్తాడు. 12 మంది, వారానికి ఒక్కొక్కరు మూడు వాయిస్ నోట్లు, 24 వారాలు: 864 నోట్లు. ఒక్కోటి రెండు నిమిషాలనుకున్నా దాదాపు 29 గంటల ఆడియో. దానికి నెలకోసారి చేసే ఇంటర్వ్యూలు మరో 72. ఇవన్నీ విని, రాసి, మళ్ళీ చదవాలి. 50 మంది అయితే వాయిస్ నోట్లే 3,600. ఎవరూ వినరు. వినని ఆడియో కోసం జనాన్ని ఆరు నెలలు ఇబ్బంది పెట్టడం నాకు తప్పనిపిస్తుంది.

12 అన్నది ఎక్కడ నుంచి వచ్చిందని అడుగుతారు. ఘనా, నైజీరియాల్లో 60 మంది మహిళల ఇంటర్వ్యూలు విశ్లేషించి గెస్ట్, బన్స్, జాన్సన్ 2006లో చెప్పిన మాట అది. మొదటి 12 ఇంటర్వ్యూలకే ముఖ్యమైన విషయాలన్నీ దాదాపు వచ్చేశాయని తేల్చారు. కానీ అది ఒకే రకం మనుషులతో ఒక్కోసారి జరిపిన ఇంటర్వ్యూల సంగతి. మీ స్టడీలో చేపలమ్మేవాళ్ళు, ఆటోవాళ్ళు, కిరాణా కొట్లవాళ్ళు, ఇలా మూడు రకాలవాళ్ళూ ఉంటే ఒక్కో రకానికి అయిదారుగురైనా ఉండాలి. మధ్యలో కొందరు మానేస్తారు కాబట్టి ఇద్దరు ముగ్గురిని ఎక్కువే తీసుకోండి.

తేదీలు ఎలా వేసుకోవాలి?

మీ ఆఫీసు క్వార్టర్ల ప్రకారం మాత్రం వద్దు. వాళ్ళ ఏడాది వేరు. సంక్రాంతికి ఊరు సగం ఖాళీ అవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు వెళ్ళినవాళ్ళు కనుమ తర్వాత కూడా వెంటనే రారు. మార్గశిర మాసం గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి చుట్టుపక్కల పూలకొట్టు మనిషితో ఇంటర్వ్యూ అంటే నవ్వుతారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ. స్టీల్ ప్లాంటులో చేసేవాళ్ళింట్లో ఆదివారం అనేదే లేదు, ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు ఉంటాయి. ఏ వారం ఏ షిఫ్టో అడిగి రాసుకోండి.

అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఆ స్థాయిలో మళ్ళీ వస్తుందని కాదు గానీ, చిన్న వాయుగుండం వచ్చినా ఒక వారం పోతుంది. ప్లాన్‌లో రెండు వారాలు ఖాళీగా వదలండి. ఆ వారాల్లో ఎవరైనా వాళ్ళంతట వాళ్ళే వాయిస్ నోట్ పంపితే మాత్రం అది బంగారం.

## మనుషుల్ని వెతకడం

తెలిసినవాళ్ళ ద్వారా వెళ్తే తప్పా?

తప్పు కాదు, ఒక్కరి ద్వారానే వెళ్తే తప్పు. పెదజాలరిపేటలో ఒక పెద్దమనిషి పరిచయం చేసిన ఎనిమిది మందీ ఆయన చుట్టాలో, ఆయన దగ్గర బాకీ ఉన్నవాళ్ళో అవుతారు. వాళ్ళు మీతో మాట్లాడే ప్రతి మాటా ఆయన చెవిన పడుతుందన్న భయంతోనే మాట్లాడతారు. నాకు ఇది మూడో నెలలో గానీ అర్థం కాలేదు. అప్పటిదాకా అందరూ అప్పుల గురించి ఒకేలా, చాలా మర్యాదగా మాట్లాడుతున్నారేమిటా అనుకున్నాను. అందుకే కనీసం మూడు దారుల్లో వెళ్ళండి: సంఘం ద్వారా కొందరు, డ్వాక్రా గ్రూపు ద్వారా కొందరు, రైతు బజారులోనో హార్బర్లోనో మీరే నేరుగా పలకరించి కొందరు.

ఇంకొకటి. యాప్ బాగా వాడేవాళ్ళే ఉత్సాహంగా ముందుకొస్తారు. ఒకసారి వాడి మానేసినవాళ్ళని ఇద్దరినైనా బతిమాలి తీసుకోండి.

డబ్బు ఎంత ఇవ్వాలి? ఎప్పుడు ఇవ్వాలి?

వాళ్ళు మీతో గడిపే సమయంలో ఎంత సంపాదిస్తారో దానికి తగ్గకూడదు. ఆటో ఆపి గంట మాట్లాడితే ఆ గంట కిరాయి పోతుంది. మొత్తం ఆఖర్లో ఇస్తామంటే నమ్మరు, ముందే ఇచ్చేస్తే మీకు పట్టు ఉండదు. నెలనెలా ఇవ్వండి, చివర్లో కాస్త ఎక్కువ ఉంచండి. ఆ "కాస్త" మరీ పెద్దదైతే ఇష్టం లేకపోయినా డబ్బు కోసం కొనసాగుతారు. మధ్యలో మానేసినా అప్పటిదాకా చేసినదానికి డబ్బు పూర్తిగా ఇస్తామని మొదటి రోజే చెప్పండి.

వాయిస్ నోట్ల లెక్కన డబ్బు కట్టకండి. ఒకసారి నోటుకి ఇంతని పెట్టాం. "ఈ రోజు ఏమీ లేదు" అనే నోట్లు రోజుకి మూడు చొప్పున వచ్చాయి.

సంతకం పెట్టించుకుంటే చాలు కదా?

చాలదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, సమ్మతి అడిగే నోటీసుని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. తెలుగు అందులో ఉంది. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలి. 18 ఏళ్ళలోపు వాళ్ళయితే తల్లిదండ్రుల సమ్మతి కావాలి, అది నిజంగా వాళ్ళిచ్చిందేనని సరిచూసుకోవాలి.

చట్టం సంగతి అలా ఉంచితే, ఆరు నెలల స్టడీలో మొదటి రోజు సంతకానికి నాలుగో నెలలో విలువ తక్కువ. మొదటి రోజు వాళ్ళకి తెలిసింది మీరెవరో యాప్ కుర్రాళ్ళని. నాలుగో నెలకి కూతురి పెళ్ళి అప్పు గురించి కూడా చెబుతున్నారు. అందుకని నెలకోసారి, రికార్డర్ ఆపేసి, "ఇదంతా రాసుకుంటున్నాను, ఉంచమంటారా, ఏదైనా తీసేయమంటారా?" అని అడుగుతాను. తీసేయమన్నవి వాళ్ళ ముందే తీసేస్తాను. చదవడం రానివాళ్ళకి నోటీసు చదివి వినిపించి, సరేనన్న మాట రికార్డు చేసుకోండి.

స్టడీలో ఉన్న ఆవిడతో మాట్లాడదామంటే పక్కన భర్తో కొడుకో కూర్చుంటున్నారు. ఏం చేయాలి?

లేచి వెళ్ళమనకండి. మీరు వెళ్ళాక ఆ మాట ఆవిడ పడాలి. మొదటి రెండు సార్లు అందరితోనూ కలిసే మాట్లాడండి. మీరెవరో తెలిశాక వాళ్ళకే విసుగొచ్చి వెళ్ళిపోతారు. ఆవిడ పనిచేసే చోటికి వెళ్ళడం ఇంకా మంచిది. వేలం పాట అయ్యాక గంప సర్దుకునే అరగంటలో వచ్చే మాటలు ఇంట్లో రావు.

అసలు ఫోన్ ఎవరి దగ్గరుంటుందో కూడా కనుక్కోండి. నంబరు ఆవిడ పేరు మీదే ఉండి, ఫోన్ రోజంతా కొడుకు చేతిలో ఉండటం మామూలే. అలాంటప్పుడు "యూజర్" ఎవరు? ఇద్దరూ. ఇద్దరినీ స్టడీలో ఒకే ఇల్లుగా తీసుకోండి.

## స్టడీ నడుస్తున్నప్పుడు

డైరీ ఇచ్చాం, ఎవరూ రాయడం లేదు.

రాయరు. రోజంతా పనిచేసి వచ్చినవాళ్ళకి రాత్రి పుస్తకం తీసి రాయడం పరీక్ష రాసినట్టుంటుంది. వాట్సాప్ వాయిస్ నోట్ అడగండి. ఫొటో ఇంకా తేలిక: చిట్టా పుస్తకంలో ఆ రోజు పేజీ, గల్లా పెట్టె మీద అంటించిన క్యూఆర్ కోడ్, ఏదైనా సరే. ఇంటర్వ్యూలో ఆ ఫొటో ముందు పెట్టుకుని మాట్లాడితే మరచిపోయినవి కూడా గుర్తొస్తాయి.

స్టడీ కోసం వేరే సిమ్, వేరే ఫోన్ పెట్టుకోండి. చాట్‌లో మెసేజీలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో లేదని చూసుకోండి. వారానికోసారి అన్నీ దించి భద్రపరచండి. నేను నెల చివర్లో చేద్దాంలే అనుకుని ఒకసారి ఫోన్ పోగొట్టుకున్నాను. మూడు వారాల మాటలు పోయాయి.

ఏమని అడగాలి? "ఈ రోజు ఎలా ఉంది" అంటే "బాగుంది" అంటున్నారు.

"బాగుందా" అని అడిగితే బాగుందనే అంటారు, అది మర్యాద. జరిగినదాన్ని అడగండి. "ఈ రోజు ఆఖరి బేరం ఎవరితో? డబ్బు ఎలా ఇచ్చారు? ఎక్కడ రాసుకున్నారు?" ఈ మూడే, ప్రతిసారీ అవే మాటల్లో. ప్రశ్న మారిస్తే నెలకీ నెలకీ పోల్చి చూడలేరు.

రోజూ గుర్తు చేస్తే విసుక్కుంటున్నారు.

రోజూ వద్దు. వారానికి రెండు మూడు సార్లు, వాళ్ళు చెప్పిన వేళకి. హార్బర్ వాళ్ళకి తెల్లవారుజామున పని, మధ్యాహ్నం నిద్ర. పన్నెండింటికి మెసేజ్ పెడితే నిద్ర చెడగొట్టినట్టే. అచ్చువేసినట్టు ఒకే మెసేజ్ అందరికీ పంపితే బ్యాంకు మెసేజ్ అనుకుని తెరవరు. "పిన్నిగారూ, నిన్న మోకాలు నొప్పన్నారు, తగ్గిందా?" అని వాయిస్‌లో పలకరిస్తే జవాబు వస్తుంది. నిజంగా తెలుసుకోవాలనిపిస్తేనే అడగండి, నటన ఇట్టే పసిగడతారు.

మధ్యలో మానేసినవాళ్ళని లెక్కలోంచి తీసేయాలా?

తీసేయకండి. కొన్నిసార్లు వాళ్ళు చెప్పేదే మీకు అన్నిటికన్నా పనికొస్తుంది. ఒక్క పది నిమిషాల ఫోన్ అడగండి, డబ్బు మామూలుగానే ఇవ్వండి. స్టడీ మానేశారా, యాప్ మానేశారా, వ్యాపారమే మానేశారా అన్నది తేలాలి. ఈ మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి: మెసేజ్‌కి జవాబు ఉండదు.

మేం చూస్తున్నామని యాప్ ఎక్కువగా వాడేస్తున్నారేమో?

వాడతారు, ముఖ్యంగా మొదటి రెండు మూడు వారాలు. చికాగో దగ్గర హాథోర్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా జరిగిన ప్రయోగాల నుంచి ఈ ప్రభావానికి ఆ పేరే స్థిరపడింది. తర్వాత ఆ లెక్కల మీదే చాలామంది పేచీ పెట్టారనుకోండి, అది వేరే సంగతి. మన పనికి సులువు ఏమిటంటే, మొదటి మూడు వారాలని పరిచయం కింద రాసుకుని ముగింపులు వాటి మీద కట్టకపోవడం. ఆరు నెలలు ఎవరూ నటించలేరు. ఇంట్లో చుట్టాలు దిగినప్పుడు, పిల్లాడికి జ్వరం వచ్చినప్పుడు అసలు పద్ధతి బయటపడుతుంది.

అప్పు అడిగారు. ఇవ్వాలా?

దీనికి నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు. నేను పాటించేది చెబుతాను. యాప్‌లో సాయం అడిగితే ఆ వారం పరిశీలన పూర్తయ్యాక చూపిస్తాను, చూపించానని నోట్స్‌లో రాసుకుంటాను. డబ్బు పోయేలా ఉంటే మాత్రం ఆగను, వెంటనే చెబుతాను. ఎవరో ఫోన్ చేసి ఓటీపీ అడుగుతున్నారని ఒకావిడ చెబుతుంటే "మీరు మామూలుగా ఏం చేస్తారు?" అని అడిగే రీసెర్చర్‌ని నేను మనిషిగా లెక్కపెట్టను. ఆసుపత్రి, ప్రభుత్వ పథకం లాంటి వాటికి దారి చెబుతాను, అవసరమైతే వెంట వెళ్తాను.

చేబదులు మాత్రం ఇవ్వను. మొదట్లో ఒకాయనకి 2,000 ఇచ్చాను. ఆ తర్వాత ఆయన నన్ను చూసి పక్క సందులోకి తిరిగేవాడు. డబ్బుతో పాటు మనిషీ పోయాడు. ఇప్పుడు కొంపకి ఇబ్బంది అని చెబితే స్టడీ కోసం వచ్చే నెల ఇవ్వాల్సిన డబ్బు ముందే ఇచ్చేస్తాను. అది వాళ్ళ డబ్బే కాబట్టి మొహం చాటేయరు.

స్టడీ మధ్యలో కంపెనీ యాప్ మొత్తం మార్చేసింది. మళ్ళీ మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. మార్చిన తేదీ పెద్దక్షరాలతో రాసుకోండి, ఆ వారంలోనే అందరినీ ఒకసారి కలవండి.

## పోగైన మాటల్ని చదవడం

విశ్లేషణ ఆఖర్లో చేస్తే సరిపోదా?

ఆఖర్లో చేస్తే 800 నోట్ల ముందు తల పట్టుకుని కూర్చుంటారు. శుక్రవారం మధ్యాహ్నం ఆ వారానివి వినండి. ఒక్కొక్కరి గురించి మూడు వాక్యాలు రాయండి: ఏం జరిగింది, పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది, వచ్చేసారి ఏం అడగాలి. ఆరు నెలలయ్యాక ఆ మూడు వాక్యాల కట్టే మీకు సగం రిపోర్టు.

వాళ్ళ యాసని మామూలు తెలుగులోకి మార్చి రాయొచ్చా?

దయచేసి మార్చకండి. "ఆ యాప్ ఒగ్గేసినాను" అన్నారు ఒకావిడ. ట్రాన్స్‌క్రిప్ట్ రాసిన కుర్రాడు ఇటువైపు వాడు కాదు. దాన్ని "తొలగించాను" అని మార్చాడు, ఇంగ్లీషు స్లైడ్‌కి వచ్చేసరికి అది "డిలీట్" అయింది. టీమ్ అంతా ఎందుకు డిలీట్ చేశారా అని రెండు రోజులు చర్చించారు. ఒగ్గేయడమంటే వదిలేయడం. యాప్ ఫోన్లోనే ఉంది, ఆవిడ తెరవడం లేదు, వేట మొదలయ్యాక తెరుద్దామనుకుంటోంది. డిలీట్ చేసినామె వేరు, ఒగ్గేసినామె వేరు. ఆవిడ తిరిగొస్తుంది.

కాలం మాటలు కూడా అంతే. "మొన్న" అంటే నిజంగా మొన్నో, పోయిన నెలో అడిగి కనుక్కోండి. "అమాసకి ముందు" అంటే క్యాలెండర్ తీసి తేదీ రాసుకోండి. ఫోన్లో మాటని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లు పనికొస్తాయి గానీ, హార్బర్ గోలలో, మన ఉత్తరాంధ్ర మాటతో, అవి రాసినదాన్ని ఆడియో వింటూ దిద్దకుండా వాడకండి.

మనిషి వారీగా చదవాలా, అంశం వారీగా చదవాలా?

ముందు మనిషి వారీగా. ఒక్కొక్కరి ఆరు నెలలూ ఒక పొడవాటి కాగితం మీద ఎడమ నుంచి కుడికి వేయండి. కింద వేట నిషేధం, పండగలు, యాప్ మారిన తేదీ గుర్తు పెట్టండి. ఆ తర్వాతే కాగితాలన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి, ఒకే చోట ఏం జరిగిందో చూడండి. ముందే "నమ్మకం", "ఖర్చు", "భయం" అని ముక్కలు కోసి పెట్టెల్లో వేస్తే ఎవరి మాట ముందు, ఎవరి మాట తర్వాత అన్నది పోతుంది. ఆరు నెలలు తిరిగింది ఆ వరుస కోసమే.

మొదట ఒకటి చెప్పి, తర్వాత ఇంకోటి చెబుతున్నారు. ఏది నిజం?

రెండూ ఉంచండి. ఒక కిరాణా కొట్టు మాస్టారు మొదటి నెలలో "అరువు ఇవ్వనే ఇవ్వను" అన్నారు. అయిదో నెలలో అరువు పుస్తకం తనే తీసి చూపించారు. మొదటిది కొత్త మనిషికి చెప్పే మాట. అది కూడా సమాచారమే: అరువు గురించి యాప్ మొదటి రోజే అడిగితే ఆయన ఏమని నొక్కుతారో అది చెబుతోంది.

## ముగించడం

పేర్లు మార్చితే చాలు కదా?

మన దగ్గర చాలదు. "పెదజాలరిపేటలో ఇద్దరు కొడుకులున్న, ఎండు చేపల వ్యాపారం చేసే 52 ఏళ్ళ మహిళ" అంటే ఆ పేటలో అందరికీ తెలిసిపోతుంది. ఊరి పేరు, వయసు, కుటుంబం, వ్యాపారం, ఈ నాలుగూ ఒకేచోట రాయకండి. గొంతు వినిపించే క్లిప్పులు మీటింగుల్లో వేయాలంటే దానికి విడిగా అనుమతి అడగండి.

రిపోర్టు ఎవరూ చదవడం లేదు.

ఆరు నెలలు ఆగి ఒకేసారి ఇస్తే చదవరు. నెలకో పేజీ ఇవ్వండి. ఇంకా మంచిది, టీమ్‌లో ఇద్దరిని తెల్లవారకముందే హార్బర్‌కి తీసుకెళ్ళండి. వేలం దగ్గర అరగంట నిలబడ్డ ఇంజనీరు "రెండు చేతులూ ఖాళీ ఉంటేనే నొక్కగలిగే బటన్" ఎందుకు పనికిరాదో స్లైడ్ లేకుండానే తెలుసుకుంటాడు.

స్టడీ అయిపోయింది, కానీ వాళ్ళు ఫోన్ చేస్తూనే ఉన్నారు.

చేస్తారు. ఆఖరి తేదీ రెండు నెలల ముందే చెప్పండి, నెల ముందు మళ్ళీ చెప్పండి. చివరిసారి వెళ్ళినప్పుడు మీరు ఏం నేర్చుకున్నారో తెలుగులో, నోటితో, పది నిమిషాలు చెప్పండి. తప్పుగా అర్థం చేసుకున్నవి అక్కడే దిద్దుతారు. స్టడీ నంబరు కనీసం మూడు నెలలు ఆపకండి.

నా పాత స్టడీ సిమ్ ఇప్పటికీ సొరుగులో పాత ఫోన్లో ఉంది, రీచార్జ్ చేయిస్తూనే ఉన్నాను. జూన్ 15 వచ్చిందంటే ఒకావిడ దగ్గర నుంచి వాయిస్ నోట్ వస్తుంది. వెనక బోట్ల ఇంజన్ల మోత, ఆవిడ గొంతు: "బాబూ, వేటకెళ్ళినారు."